గంట దాటితే నడుము పట్టేస్తోందా? కారు సీటు సర్దుబాటు, కుషన్లు, ఫోమ్, స్ప్రింగుల మీద చర్చ

దూరప్రయాణి:
గంటలోపు డ్రైవింగ్‌లో ఏ ఇబ్బందీ ఉండదు. గంట దాటగానే నడుము కింది భాగం పట్టేస్తుంది, కుడి పిరుదు లోపల లాగుడు మొదలవుతుంది. దిగి నాలుగడుగులు వేస్తే సర్దుకుంటుంది. అలాంటి నొప్పి గురించి అడుగుతున్నాను.

వివరాలు ఇవి. డ్రైవర్ ఎత్తు 178 సెం.మీ. మాన్యువల్ గేరు. సీటు ఎత్తు మార్చే లివర్ ఉంది, నడుముకి లోపలి సపోర్ట్ లేదు. స్టీరింగ్ పైకీ కిందికీ కదులుతుంది గానీ ముందుకీ వెనక్కీ రాదు. సీటు ఎనిమిదేళ్ల పాతది. మెమరీ ఫోమ్ కుషన్ వేస్తే నొప్పి తగ్గాల్సింది పోయి పెరిగింది.

సర్దుకునేటప్పుడు ఏది ముందు, ఏది తర్వాత? కుషన్ ఎందుకు పనిచేయలేదు? ఫోమ్ పోయిందో లేదో ఎలా తేల్చుకోవాలి?

వెన్నుదన్ను:
మొదటి ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే తొంభై పాళ్లు ఇబ్బంది అక్కడే ఉంటుంది.

నడుమూ కాళ్లూ కలిసే చోట గిన్నెలా ఉండే ఎముకల గూడు కటి. నిలబడితే ఆ గిన్నె నిటారుగా ఉంటుంది, దాని మీద నడుము సహజంగా కాస్త లోపలికి వంగి ఉంటుంది. కారు సీట్లో కాళ్లు ముందుకి చాపగానే తొడ వెనక కండరాలు బిగిసి ఆ గిన్నెని వెనక్కి వంచేస్తాయి. గిన్నె వెనక్కి ఒరిగితే నడుములోని వంపు పోతుంది, వీపు విల్లులా బయటికి వస్తుంది. డిస్కుల (వెన్నుపూసల మధ్య ఉండే మెత్తల) వెనక వైపూ, అక్కడి లిగమెంట్లూ (ఎముకల్ని కలిపి పట్టుకునే పట్టీలు) సాగుతూ ఉంటాయి. గంటసేపు సాగితే నొప్పి. కాబట్టి చేసే ప్రతి సర్దుబాటూ "కటి వెనక్కి ఒరగకుండా ఉందా?" అన్న ఒక్క ప్రశ్నకి జవాబు కావాలి.

వరస ఇలా ఉండాలి, తారుమారు చేస్తే మళ్లీ మొదటికొస్తుంది:

ముందు సీటు ఎత్తు. తల పైన కప్పుకి కనీసం పిడికిలి పట్టేంత ఖాళీ ఉంచి, వీలైనంత పైకి లేపండి. చాలామంది సీటుని కిందికి దించి నడుపుతారు. మోకాళ్లు తుంటి కంటే పైకి లేచిన కొద్దీ కటి వెనక్కి పడుతుంది. తుంటి మోకాళ్లతో సమానంగా గానీ ఒక వేలు పైన గానీ ఉండాలి.

తర్వాత ముందు వెనక దూరం. పిరుదులు వీపు పలక దాకా వెనక్కి జరిపి కూర్చోండి, మధ్యలో సందు ఉండకూడదు. క్లచ్ పూర్తిగా తొక్కండి. ఆ స్థితిలో మోకాలు ఇంకా కాస్త వంగే ఉండాలి. క్లచ్ తొక్కేటప్పుడు పిరుదు సీటు మీద జారినా, ఒక పక్కకి లేచినా సీటు దూరంగా ఉన్నట్టే. ఆటోమేటిక్ కారైతే బ్రేకుతో ఇదే పరీక్ష.

ఆ తర్వాత వీపు పలక వాలు. కూర్చునే భాగానికీ వీపు పలకకీ మధ్య కోణం 100 నుంచి 110 డిగ్రీల మధ్య పెట్టండి. నిటారు గోడలా కాదు, పడక కుర్చీలా కాదు.

చివరికి స్టీరింగ్. రెండు భుజాలూ వీపు పలకకి ఆనించి చేయి చాపితే మణికట్టు స్టీరింగ్ పైఅంచు మీద ఆనాలి, వేళ్లు కాదు. రొమ్ము ఎముక నుంచి స్టీరింగ్ మధ్య భాగానికి కనీసం 25 సెం.మీ. దూరం ఉంచండి, ఎయిర్‌బ్యాగ్‌కి అంత చోటు కావాలి.

అద్దాలు అన్నిటికన్నా ఆఖరున. దీనికో ఉపయోగం ఉంది: బాగా కూర్చున్నప్పుడు వెనక అద్దం సర్దితే, గంట తర్వాత అందులో వెనక కిటికీ పైభాగం కనపడకపోతే మీరు కిందికి జారిపోయారని అర్థం. అద్దం మార్చొద్దు, మీరు పైకి జరగండి.

మూడోగేరు:
100, 110 అంటున్నారు. వీపు 90 డిగ్రీలు నిటారుగా ఉంటేనే వెన్నుకి మంచిదని అందరూ చెప్తారు కదా? ఆఫీసు కుర్చీకీ అదే చెప్తారు.

వెన్నుదన్ను:
ఆ మాట వెనక కొలతలు లేవండి. స్వీడన్‌కి చెందిన ఆల్ఫ్ నాకెమ్సన్ 1960లలో డిస్క్‌లోకి సూది పంపి లోపలి ఒత్తిడి కొలిచారు. నిలబడ్డప్పటి కంటే ఆసరా లేకుండా కూర్చున్నప్పుడు ఎక్కువ, ముందుకి వంగి కూర్చుంటే ఇంకా ఎక్కువ అని తేలింది. తర్వాత అక్కడే జరిగిన పనిలో వీపు పలక వెనక్కి వాలే కొద్దీ, నడుము దగ్గర ఆసరా ఇచ్చే కొద్దీ ఒత్తిడి తగ్గుతుందని చూశారు. వీపు పలక కొంత బరువు తీసుకుంటుంది, డిస్క్ మీద భారం అంత తగ్గుతుంది, అంతే సంగతి.

1999లో జర్మనీలో విల్కే బృందం కొత్త పరికరంతో మళ్లీ కొలిచింది. అక్కడ నాకెమ్సన్ ఫలితానికి కొంత భిన్నంగా, నిలబడితే 0.50 మెగాపాస్కల్ (ఒత్తిడి కొలత), ఆసరా లేకుండా వదులుగా కూర్చుంటే 0.46, వీపుని బిగించి నిటారుగా కూర్చుంటే 0.55 వచ్చింది. వాళ్లు కొలిచింది ఒకే మనిషిలో, కాబట్టి అంకెల్ని చట్టంలా పట్టుకోవద్దు. అయినా మీ ప్రశ్నకి జవాబు అందులో ఉంది: కండరాలు బిగించి నిటారుగా కూర్చోవడం డిస్క్‌కి విశ్రాంతి కాదు.

అదే కొలతల్లో కుర్చీలో జారగిలబడి కూర్చుంటే ఒత్తిడి ఇంకా తక్కువ వచ్చింది. అది చూసి జారగిలబడటం మంచిదనుకోవద్దు. ఒత్తిడి తక్కువే, కానీ లిగమెంట్ల సాగుడు ఎక్కువ. నొప్పి ఒత్తిడి ఒక్కదాని వల్లే రాదు.

ఇంకా వెనక్కి, 120 దాటి వాల్చితే మెడ ముందుకి పొడుచుకు వస్తుంది. దానికంటే పెద్ద ముప్పు, గుద్దుకున్నప్పుడు ఒంటిని పట్టుకోవాల్సిన నడుము బెల్టు కిందుగా మనిషి జారిపోతాడు. బెల్టు కటి ఎముకల మీద ఉండాలి, పొట్ట మీదకి రాకూడదు.

సీటుమేస్త్రి:
కుషన్ ప్రశ్నకి నేను చెప్తాను. మెమరీ ఫోమ్ ఒంటి వేడికి మెత్తబడుతుంది. బరువంతా మోసేది పిరుదుల కింద ఉండే రెండు ఎముకలు కాబట్టి అక్కడే ఎక్కువ దిగుతుంది, తొడల కింద తక్కువ. ఫలితం, వెనక గుంట, ముందు గట్టు. అప్పటికే వెనక్కి పడుతున్న కటి ఆ గుంటలోకి ఇంకా దొర్లుతుంది. మొదటి పది నిమిషాలు హాయిగా ఉండి తర్వాత నొప్పి రావడానికి కారణం ఇదే. షాపులో కూర్చుని చూస్తే ఎప్పటికీ తెలియదు.

రెండోది, కుషన్ మిమ్మల్ని 3, 4 సెం.మీ. పైకి లేపుతుంది. సీటు వీపు పలకలో నడుము కోసం చేసిన ఉబ్బు ఇప్పుడు పిరుదుల మీదకి వస్తుంది. నడుముని నొక్కాల్సింది కటిని ముందుకి తోస్తుంది, మీరు సీట్లో ముందుకి జారతారు.

కుషన్ తప్పనిసరైతే వెనక మందంగా, ముందుకి పోను పోను పలచగా ఉండే ఏటవాలు కుషన్ వాడాలి. వెనక 4 సెం.మీ., ముందు 1 సెం.మీ. లేదా సున్నా. నొక్కితే వెంటనే తిరిగి లేచే గట్టి ఫోమ్‌తో చేసింది కావాలి. అడుగున జారని గుడ్డ ఉండాలి. కుషన్ వేశాక ఎత్తు, దూరం, అద్దాలు, హెడ్‌రెస్ట్ అన్నీ మళ్లీ మొదటి నుంచి సర్దుకోవాలి. తోక ఎముక దగ్గర చీలిక ఉన్న కుషన్లు తోక ఎముక నొప్పికే. నడుము నొప్పికి అవి కొని లాభం లేదు.

దూరప్రయాణి:
అర్థమైంది. సీటు ఫోమ్ సంగతి ఎలా తేల్చాలి?

సీటుమేస్త్రి:
పక్క సీటు ఉందిగా, అదే మీ కొలబద్ద. డ్రైవర్ సీటు కంటే చాలా తక్కువ అరిగి ఉంటుంది.

తిన్నని కర్ర ఒకటి సీటు రెండు పక్కల గట్ల మీదా అడ్డంగా పెట్టండి. వీపు పలక నుంచి 15 సెం.మీ. ముందున, కర్ర నుంచి సీటు అడుగు దాకా లోతు స్కేలుతో కొలవండి. మధ్యలో ఒకటి, ఎడమ ఎముక దిగే చోట ఒకటి, కుడి ఎముక దిగే చోట ఒకటి. పక్క సీట్లోనూ అవే మూడు కొలతలు తీయండి. డ్రైవర్ సీటు 1.5 సెం.మీ. కంటే ఎక్కువ దిగి ఉంటే ఫోమ్ గానీ స్ప్రింగ్ గానీ పోయినట్టే లెక్క. ఎడమకీ కుడికీ మధ్య 1 సెం.మీ. తేడా ఉన్నా ఊరుకోవద్దు. ఒక పక్కకి ఒరిగి కూర్చుంటే నడుము కూడా పక్కకి వంగుతుంది, నొప్పి ఒక వైపే వస్తుంది. ఎక్కుతూ దిగుతూ రుద్దుకోవడం వల్ల తలుపు వైపు గట్టు ముందు చచ్చిపోతుంది, అది మామూలే. దాని పక్కన ఫోమ్ కూడా చితికిందా అన్నది చూడాలి.

తర్వాత సీటు పూర్తిగా వెనక్కి జరిపి టార్చితో అడుగున చూడండి. పాము మెలికల్లా ఉండే స్ప్రింగులు గానీ, తీగల చట్రం గానీ కనిపిస్తుంది. కొన్ని సీట్లలో ఇవేవీ లేకుండా రేకు పళ్లెం మీదే ఫోమ్ ఉంటుంది. స్ప్రింగు కొక్కెం చట్రం నుంచి ఊడిందా, ప్లాస్టిక్ క్లిప్పు విరిగిందా, తీగ ఫోమ్‌లోకి కోసుకుపోయి పొడి రాలుతోందా చూడండి. ఒక్క క్లిప్పు విరిగినా ఆ మూల రెండు వేళ్లు దిగిపోతుంది. అలాంటప్పుడు పైన ఎన్ని కుషన్లు పరిచినా దండగ.

బాగుచేయించేటప్పుడు ఫోమ్ ముక్క పైన పెట్టించొద్దు. పైన పెడితే అంచు గుచ్చుకుంటుంది, కవరు బిగుసుకుంటుంది, వంపులు పోతాయి. అసలు ఫోమ్ అడుగున, దిగిన చోట మాత్రమే, 10 నుంచి 15 మి.మీ. మందం ముక్క పెట్టించాలి. ఘనపు మీటరుకి 40 నుంచి 50 కిలోల సాంద్రత ఉన్న, తిరిగి లేచే రకం ఫోమ్ అడగండి. ముక్క అంచులు ఏటవాలుగా చెక్కాలి. గమ్ము అంచుల వెంబడి పలచగా చాలు, మధ్యలో పులిమితే అక్కడ అట్టలా గట్టిపడుతుంది. స్ప్రింగుకీ ఫోమ్‌కీ మధ్య మందపాటి ఫెల్టు గుడ్డ వేయిస్తే మళ్లీ కోసుకోదు.

స్పానర్12:
ఇంకో సులువు ఉంది. సీటు ముందుకీ వెనక్కీ జరిగే రెయిల్ వెనక బోల్టుల కింద 10 మి.మీ. వాషర్లు పెట్టి బిగిస్తే సీటు వెనక భాగం లేస్తుంది. ఏటవాలు కుషన్ చేసే పనే, కుషన్ లేకుండా. నాలుగు బోల్టుల పని.

సీటుమేస్త్రి:
ఆ పని మాత్రం వద్దు, దయచేసి ఎవరూ చేయొద్దు.

సీటు పట్టు పరీక్ష ఎలా ఉంటుందో చూడండి. కారు సీట్ల మీద ఐక్యరాజ్యసమితి పెట్టిన 17వ నియమం ప్రకారం ముందుకీ వెనక్కీ 20 జీ (భూమి ఆకర్షణకి 20 రెట్లు) తాకిడికి సీటు ఊడకూడదు. అంటే 20 కిలోల సీటు ఆ క్షణంలో 400 కిలోల బరువులా లాగుతుంది. చాలా కార్లలో బెల్టు బకిల్ సీటుకే బిగించి ఉంటుంది కాబట్టి మనిషి లాగుడు కూడా అవే బోల్టుల మీద పడుతుంది. రెయిల్ నేల రేకుకి పూర్తిగా ఆని ఉంటేనే ఆ బలం రాపిడితో నేలకి చేరుతుంది. మధ్యలో వాషర్ల దొంతర పెడితే బోల్టు వంగే బలం తీసుకోవాలి, దాన్ని అందుకోసం చేయలేదు. పైగా మరలు 10 మి.మీ. తక్కువ పడతాయి. ముందు బోల్టులు తిన్నగా, వెనకవి పైకి ఉంటే రెయిల్ మెలి తిరిగి లివర్ తాళం సగంలో ఆగడం కూడా ఉంటుంది.

స్పానర్12:
రెయిల్ మెలి తిరుగుడు, బకిల్ సంగతి లెక్కలోకి తీసుకోలేదు. మీరు చెప్పిందే సరి. చదివేవాళ్లు నా పై సలహా పక్కన పెట్టండి.

ఫోమ్ పనికి సీటు విప్పేవాళ్లకి ఒక మాట. సీటు కింద పసుపు రంగు కనెక్టర్ ఉంటే అది ఎయిర్‌బ్యాగ్‌దో, బెల్టు బిగించే పరికరానిదో. ముందు ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ నెగటివ్ తీసి, మాన్యువల్‌లో రాసినన్ని నిమిషాలు ఆగాకే దాన్ని ముట్టుకోండి. సీటు బయట ఉన్నప్పుడు ఇగ్నిషన్ వేయొద్దు, ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి మిషన్ పెట్టి చెరిపేదాకా ఆరదు. బిగించేటప్పుడు టార్క్ స్పానర్ (ఎంత బలంతో బిగించామో చూపేది) తప్పనిసరి, ఆ బలం అంకె మీ మోడల్ సర్వీస్ పుస్తకంలోదే వాడండి. పక్క సీట్లో మనిషి ఉన్నాడో లేడో చూసే సెన్సర్ పలక చాలా కార్లలో ఫోమ్‌లోనో దాని మీదో ఉంటుంది, ఆ సీటు ఫోమ్ జోలికి అసలు పోవద్దు.

మూడోగేరు:
నడుము దగ్గర దిండు ఎంత మందం? దొరికేవన్నీ గుమ్మడికాయంత ఉంటున్నాయి.

వెన్నుదన్ను:
కొనకండి, ముందు తువ్వాలుతో మొదలుపెట్టండి. పొడవుగా మడిచి చుట్టండి. వీపుతో నొక్కినప్పుడు మిగిలే మందం 2 సెం.మీ. చాలు, మహా అయితే 3. వెడల్పు 25, 30 సెం.మీ. రెండు చివరలా రబ్బరు బ్యాండు వేయండి. చోటు ఎక్కడంటే, నడుం పక్కల చేతులు పెట్టుకుంటే తగిలే ఎముకల పైఅంచు ఉంది కదా, ఆ ఎత్తులో. ప్యాంటు బెల్టు మీద లేదా దానికి వేలెడు పైన. చాలామంది పెట్టేది పక్కటెముకల కింద. అక్కడ పెడితే ఛాతీ ముందుకి వస్తుంది, కటి మాత్రం ఎప్పటిలాగే వెనక్కి పడి ఉంటుంది.

పెట్టాక "దిండు ఉంది" అని తెలియాలి గానీ తోస్తున్నట్టు ఉండకూడదు. తోస్తుంటే సగం చేయండి. మొదటి రోజు అరగంట, నాలుగు రోజుల తర్వాత గంట. ఒక ప్రయాణానికి ఒక్క మార్పే చేయండి: ఈసారి దిండు ఎత్తు, వచ్చేసారి వాలు. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

ఒక మినహాయింపు. వెనక్కి వంగితే నొప్పి పెరిగి, ముందుకి వంగితే హాయిగా ఉండేవాళ్లు ఉంటారు. వెన్ను కాలువ (వెన్నులో నరాలు పోయే దారి) ఇరుకైనవాళ్లలో ఇలా ఉంటుంది. వాళ్లకి మందపాటి దిండు చెరుపు చేస్తుంది. తగలీ తగలనట్టుగా పలచటి ఆసరా చాలు.

కదలికే_మందు:
ఇక్కడిదాకా చెప్పినవన్నీ చేసినా కదలకుండా మూడు గంటలు కూర్చుంటే నొప్పి వస్తుంది. లిగమెంట్లు స్థిరమైన బరువు కింద మెల్లగా సాగుతూనే ఉంటాయి, ఎంత మంచి సీటైనా సరే. ఈ నొప్పి ఉన్నవాళ్లు 45 నిమిషాల నుంచి గంటకోసారి కారు ఆపి రెండు నిమిషాలు నడవండి. నిలబడి చేతులు నడుం మీద పెట్టుకుని ఐదారుసార్లు మెల్లగా వెనక్కి వంగండి. పైన మినహాయింపు చెప్పినవాళ్లు వంగొద్దు, నడిస్తే చాలు.

ఆపడానికి వీల్లేనప్పుడు సిగ్నల్ దగ్గర, కారు పూర్తిగా ఆగి ఉండగా, కటిని ముందుకీ వెనక్కీ పదిసార్లు ఊపండి. వీపు పలక వాలు ఒక గాటు అటూ ఇటూ మార్చడం కూడా పనికొస్తుంది, కారు ఆగి ఉన్నప్పుడే.

గమ్యం చేరగానే డిక్కీలోంచి సామాను తీయడం చాలా చెడ్డ అలవాటు. గంటలు గంటలు సాగి ఉన్న లిగమెంట్లు ఇంకా బిగుసుకోలేదు, అప్పుడు ముందుకి వంగి బరువెత్తితే పట్టేసే అవకాశం ఎక్కువ. ఐదు నిమిషాలు నడిచాక ఎత్తండి. దిగేటప్పుడు కూడా ఒక కాలు బయటపెట్టి నడుము మెలితిప్పకుండా, రెండు కాళ్లూ కలిపి బయటికి తిప్పి లేవండి. ఎక్కేటప్పుడు దీనికి తిరగేసి: ముందు కూర్చోవాలి, తర్వాత రెండు కాళ్లూ లోపలికి.

ఇక కుడి పిరుదు లోపలి లాగుడు. వెనక జేబులో పర్సు ఉంటే తీసేయండి. 2 సెం.మీ. పర్సు ఒక్క పిరుదునే లేపుతుంది, నడుము నుంచి కాల్లోకి దిగే సయాటిక్ నరం పోయే దారినే నొక్కుతుంది. పర్సు లేకపోతే యాక్సిలరేటర్ కాలు చూడండి. మడమ నేలకి ఆనకుండా గాల్లో తేలుతుంటే తొడ, పిరుదు కండరాలు అంతసేపూ బిగిసే ఉంటాయి. మడమ నేల మీద నిలిపి, బ్రేకుకీ యాక్సిలరేటర్‌కీ దాని మీదే తిరగగలిగేలా కూర్చోవాలి. ఎడమ కాలు పని లేనప్పుడు క్లచ్ పక్కన ఉన్న కాలిమెట్టు మీద గట్టిగా ఆనించండి, కటి రెండు పక్కలా సమంగా నిలబడటానికి అదే ఆధారం.

సీటుతో తేలని నొప్పులు కూడా ఉన్నాయి. మూత్రం, మలం మీద అదుపు తప్పినా, రెండు తొడల మధ్య భాగం తిమ్మిరెక్కినా, పాదం పైకి లేవకపోయినా అదే గంటలో ఆసుపత్రికి వెళ్లాలి. జ్వరంతో వచ్చే నడుము నొప్పి, దెబ్బ తగిలాక వచ్చింది, రాత్రి పడుకున్నా తగ్గనిది డాక్టరుకి చూపించాలి. నొప్పి మోకాలు దాటి కిందికి దిగుతుంటే కుషన్లతో వారాలు గడపొద్దు.

నాలుగుచక్రాలు:
అదురు గురించి ఎవరూ ఎత్తలేదు. కూర్చున్న మనిషి వెన్ను సెకనుకి 4 నుంచి 6 సార్లు కిందికీ పైకీ ఊగే అదురుకి అన్నిటికన్నా ఎక్కువ స్పందిస్తుంది. ఆ వేగంలో సీటు ఒక సెం.మీ. కదిలితే ఒంట్లో అంతకంటే ఎక్కువ కదులుతుంది. మామూలు కారు బాడీ 1, 2 సార్ల దగ్గర ఊగుతుంది, అది ఒంటికి పెద్ద ఇబ్బంది కాదు. గట్టి సస్పెన్షన్ గానీ, గాలి ఎక్కువైన టైర్లు గానీ ఉంటే రోడ్డు గతుకులు వడపోత లేకుండా పైకి వస్తాయి. మేస్త్రి గారు మెత్తటి కుషన్ గురించి చెప్పినదానికి ఇదీ కలపండి: ఫోమ్ సీటు తానే సెకనుకి 4 సార్ల దరిదాపుల్లో ఊగి అదురుని పెంచుతుంది. పైన ఇంకో మెత్తటి పొర వేస్తే ఆ ఊపు ఇంకా పెరగొచ్చు.

చేయాల్సింది: టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి చూడండి, డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీది అంకె ప్రకారమే ఉంచండి. మైలేజీ కోసం ఐదారు పాయింట్లు ఎక్కించడం నడుము ఖర్చుతో చేసే ఆదా. షాక్ అబ్సార్బర్ మీద నూనె చెమ్మ ఉందా, టైరు మీద అక్కడక్కడ గుంటలుగా అరుగుదల ఉందా చూడండి. ఈ రెండిట్లో ఏది ఉన్నా మార్పించాకే సీటు సంగతి.

దూరప్రయాణి:
స్టీరింగ్ ముందుకి రాని కారులో కాళ్లకి సరిపోయేలా కూర్చుంటే చేతులు అందవు, చేతులకి సరిపోయేలా జరిగితే మోకాళ్లు ముడుచుకుంటాయి. ఏది వదులుకోవాలి?

వెన్నుదన్ను:
కాళ్లు ముందు. పెడల్స్ దూరం సరిగా పెట్టుకుని, చేతుల కోసం వీపు పలకని ఒక్కో గాటు ముందుకి తీసుకురండి. 100 డిగ్రీలకి కాస్త తగ్గినా పరవాలేదు, భుజాలు పలక వదిలి ముందుకి వంగడం కన్నా అది నయం. చాలా సీట్లు పైకి లేపుతుంటే కొద్దిగా ముందుకి కూడా వస్తాయి, కాబట్టి ఎత్తు పెంచితే అక్కడా ఒకటి రెండు సెం.మీ. కలిసొస్తాయి. స్టీరింగ్ కిందికి దించి, చేతులు తొమ్మిది, మూడు గంటల చోట పెట్టుకోండి. పైన పట్టుకుంటే భుజాలు లేస్తాయి, మెడ పట్టేస్తుంది.

సీటు కూర్చునే భాగం ముందంచుకీ మోకాలి వెనక మడతకీ మధ్య రెండు మూడు వేళ్లు దూరాలి. పొట్టివాళ్లకి ఆ సందు ఉండదు, అంచు గుచ్చుకుని వాళ్లు ముందుకి జారతారు. వాళ్లకి పిరుదుల కింద కాదు, వీపు వెనక 3, 4 సెం.మీ. మందం గట్టి ఫోమ్ పలక పెడితే సీటు లోతు తగ్గుతుంది. ఆ పలక భుజాల దాకా ఉండాలి, నడుము దగ్గర ఆగిపోకూడదు. దానితో తల కూడా ముందుకి వస్తుంది కాబట్టి హెడ్‌రెస్ట్ దూరం మళ్లీ చూడండి. హెడ్‌రెస్ట్ పైఅంచు తల పైఅంచుతో సమానంగా, తలకి దగ్గరగా ఉండాలి. తలని ముందుకి తోస్తోందని దాన్ని వెనక్కి తిప్పి బిగించేవాళ్లున్నారు. వెనక నుంచి బండి గుద్దితే మెడకి ఇక ఆసరా ఉండదు. వాలు ఒక గాటు పెంచుకోండి.

మూడోగేరు:
ఆ పలక పెట్టి పైన సీటు కవరు తొడగొచ్చా? పలక కదలకుండా ఉంటుందని.

సీటుమేస్త్రి:
వీపు పలక తలుపు వైపు కుట్టు మీద ఎయిర్‌బ్యాగ్ అని రాసిన చిన్న గుడ్డ ముక్క ఉందేమో చూడండి. ఉంటే పక్క ఎయిర్‌బ్యాగ్ ఆ కుట్టు చింపుకుని బయటికి రావాలి. మామూలు కవరు తొడిగితే దారి మూసుకుపోతుంది, తెరుచుకోవడం ఆలస్యమవుతుంది లేదా తప్పు వైపుకి తెరుచుకుంటుంది. ఆ చోట తెరిచి ఉన్న లేదా అక్కడ విడిపోయేలా కుట్టిన, మీ మోడల్ కోసమే చేసిన కవరు అయితేనే తొడగండి. లేకపోతే పలకని హెడ్‌రెస్ట్ కడ్డీలకి పట్టీతో పైన, వీపు పలక చుట్టూ పట్టీతో కింద బిగించండి. కింది పట్టీ ఎయిర్‌బ్యాగ్ కుట్టు మీదుగా పోకూడదు. కుట్టు ఎంత దాకా ఉందో వేలితో తడిమి, దాని కింద నుంచి తీయండి.

బిగించాక బకిల్ తేలిగ్గా అందుతోందా, సీటు జరిపితే పట్టీ రెయిల్లో ఇరుక్కుంటోందా చూడండి. పట్టీ కొస వేలాడుతుంటే కత్తిరించి అంచు కాల్చేయండి, పెడల్స్ వైపు జారకూడదు.